చెంచమ్మ రెండంగుళాలు

నల్లగుంట్లపాడు,
కనిగిరి తాలూకా.
12-6-1961

ఎలీసమ్మక్కకు,

తమ్ముడు ప్రేమదాసు రాసేది. దేవుని దయవల్ల మేమందరం తిని తిరుగుతున్నాం. నువ్వూ అలాగే ఉన్నావని అనుకుంటున్నాను.

నీకు ఒక ఫిర్యాదు చెప్పుకోవాలి. ఇకమీదట అడుగులూ అంగుళాలూ వద్దు, మీటర్లూ సెంటీమీటర్లూ నేర్పమని బళ్ళకు ఉత్తరువు వచ్చిందని చెప్పాను కదా. ఎట్టకేలకు మాకూ ఒక మీటరు కర్ర పంపారు. పసుపు రంగు, రెండు చివర్లా ఇత్తడి తొడుగు. చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ అది దొంగ కర్ర అక్కా! కొలత తప్పు.

ఎలా తెలిసిందంటావా? అయిదో తరగతికి కొలతల పాఠం చెబుతూ, పిల్లలందరి పొడవూ అయిపోయాక, బడి కుండకు నీళ్ళు తెచ్చే చెంచమ్మను గోడకు నిలబెట్టి కొలిచాను. నూట యాభై సెంటీమీటర్లు. అంటే నాలుగడుగుల పదకొండు అంగుళాలు. కానీ చెంచమ్మ పొడవు నాకు తెలుసు. 1952లో మన బావి తెరిచిన రోజున పాలెంలోని పెద్దవాళ్ళను సరదాకి బడి ద్వారబంధం దగ్గర నిలబెట్టి చాకుతో గీతలు గీశానే, గుర్తుందా? నువ్వు పక్కనే నిలబడి నవ్వావు. చెంచమ్మ గీత పక్కన '5 అ. 1 అం.' అని నా రాతే ఉంది. రెండంగుళాలు ఎక్కడికి పోతాయి? పిల్లలు ఒకటే నవ్వు. చెంచమ్మ కూడా నవ్వి, "మీ కర్ర ఎవరో కొరికేశారు పంతులుగారూ" అంది.

గుంటూరులో దర్జీలు వాడే మంచి టేపు ఒకటి కొని పంపు. ఈ కర్ర సంగతి తేల్చి తాలూకా ఆఫీసుకు రాస్తాను.

ఆ ద్వారబంధం పక్కనే, బావి నీళ్ళు మీ ఆసుపత్రిలో పరీక్షించి నువ్విచ్చిన సర్టిఫికెట్టు అద్దం కట్టి వేలాడుతోంది. 'నీరు నిర్మలము. నిర్భయముగా త్రాగవచ్చును.' కింద నీ సంతకం. కుంట నీళ్ళు తాగి మా అబ్బాయి జక్రయ్య కలరాతో పోయిన ఏడు నేను ఊరంతా తిరిగి, కాళ్ళావేళ్ళా పడి ఆ అరవై అడుగుల రాతిబావి తవ్వించకపోతే ఇంకెంతమంది తల్లులు ఏడ్చేవాళ్ళో. ఈ తొమ్మిదేళ్ళలో ఒక్క కలరా చావు లేదు. ఇప్పటికీ ఆడవాళ్ళు చేద వేసే ముందు గట్టు మీద రాయిని, వాడి పేరును, వేళ్ళతో తాకి గానీ తోడరు. 'జక్రయ్యబాబు నీళ్ళు' అంటారు. కన్నతల్లి కదా, ఆదెమ్మ ఆ మాట వింటే ఆ పూట కాస్త స్థిమితంగా ఉంటుంది.

పెద్దమ్మాయి సువార్తకు కొత్త పళ్ళు వచ్చాయి. ఈ మధ్య సిగ్గు నేర్చింది. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. చిన్నది ఎస్తేరు రెండేళ్ళకే ఇల్లు పీకి పందిరి వేస్తోంది.

నీ తమ్ముడు,
ప్రేమదాసు


గుంటూరు,
23-6-1961

ప్రేమదాసుకు,

టేపు పంపుతున్నాను. కొత్తపేటలో దర్జీ ఖాజావలి దగ్గర అడిగి తెచ్చాను. అతను రోజూ వాడేది, తప్పుడు కొలత అయితే అతని వ్యాపారం ఎప్పుడో మునిగేది. దీంతో కర్రను కొలువు. ద్వారబంధం మీద గీతనూ కొలువు. ఆ తరవాతే తాలూకా ఆఫీసు మీద పడు. చిన్నప్పుడు కూడా లెక్క తప్పితే పలకను తిట్టేవాడివి నువ్వు.

చెంచమ్మ నడుము వంగిందా? నలభై అయిదేళ్ళ మనిషికి వంగకూడదే. ఏం తింటోంది? మీ మెట్టలో సజ్జ సంకటీ పచ్చిమిరపకాయా తప్ప మరొకటి ఉండదు. మునగాకు, రాగులు, కందిపప్పు తినమని చెప్పు. మీ బడికి ఇచ్చే పాలపొడి అందరికీ అందుతోందా?

ఒక మాట. ఎనిమిదేళ్ళ పిల్లకు నవ్వితే సిగ్గేమిట్రా? నేను చూసినప్పుడు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేది. ఏదైనా ఉంటే దాచకుండా రాయి.

అక్క,
ఎలీసమ్మ


నల్లగుంట్లపాడు,
9-7-1961

అక్కా,

కర్ర తప్పు కాదు.

మూడుసార్లు కొలిచాను. నీ టేపూ కర్రా ఒకే కొలత పలుకుతున్నాయి. ద్వారబంధం మీద గీత నేలకు సరిగ్గా అయిదడుగుల ఒక్క అంగుళం ఎత్తున ఉంది. గడప పూడిందేమోనని తవ్వి కూడా చూశాను, నవ్వకు. చివరికి చెంచమ్మను ఆ గీత కిందే నిలబెట్టాను. ఆమె నడినెత్తికీ గీతకూ మధ్య నా రెండు వేళ్ళు పట్టాయి. ఆ వేళ్ళు తీసుకోలేక అలాగే నిలబడిపోయాను.

ఆ రోజు గీతలు గీసినవాళ్ళలో పదకొండుమంది ఇప్పుడు ఊళ్ళో ఉన్నారు. అందరినీ పిలిచాను. ఏడుగురు తగ్గారు! సంఘపెద్ద రోశయ్య అంగుళం తగ్గాడు. నమ్మలేక తలపాగా తీసి మళ్ళీ కొలవమన్నాడు. అప్పుడు ఇంకా తగ్గాడు.

రోజూ చూసే మనుషులక్కా. ఎలా కనపడలేదు నాకు? చలనం పాఠం చెబుతూ గిలక గుండ్రంగా తిరుగుతుంది, చేద నిలువుగా దిగుతుంది అని చూపించడానికి పిల్లల్ని బావి దగ్గరికి తీసుకెళ్ళాను. చెంచమ్మ తోడుతోంది. తాడు గిలక మీంచి జారింది. ఆమె తల ఎత్తలేదు. ఎత్తలేకపోయింది. నాలుగడుగులు వెనక్కి నడిచి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి గిలకను చూసింది. పక్కనుంచి పిలిస్తే మెడ తిప్పదు, మనిషంతా తిరుగుతుంది. "ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అన్నాను. "నాలుగేళ్ళయింది పంతులుగారూ. మెడ పట్టేసింది. కోతలకి పోయినప్పుడు కాస్త వదుల్తది" అంది.

ఇది విను. మాఘం నుంచి మూడు నెలలు ఇక్కడి ఆడవాళ్ళు మీ గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు కదా. ఎండలో నడుములు వంచి కాయలు కోసే ఆ మూడు నెలలే నొప్పులు తగ్గుతాయట! తిరిగి వచ్చాక మళ్ళీ మొదలు. ఒకరు కాదు, అయిదుగురు అదే చెప్పారు. అక్కడ తిండి బాగుంటుంది కాబట్టి అనుకున్నాను. అందుకే ఈ పది రోజులుగా మునగాకూ రాగులూ అని ఇంటింటికీ తిరుగుతున్నాను.

ఇక నువ్వు అడిగింది. దాచాను. క్షమించు. సువార్త కొత్త పళ్ళు సుద్దముక్కల్లా వచ్చాయి. వాటి మీద అడ్డంగా గోధుమరంగు చారలు. సరిగ్గా తోముకోవడం లేదని ఆదెమ్మ కొట్టింది. బొగ్గుతో, ఉప్పుతో చిగుళ్ళు నెత్తురొచ్చేలా తోమింది. చారలు పోలేదు. అది సిగ్గు కాదక్కా, నా బిడ్డ నోరు దాచుకుంటోంది.

నిన్న బడిలో అందరి నోళ్ళూ తెరిపించాను. నలభైమందిలో ముప్పైఒక్కమందికి అవే చారలు. మిగతావాళ్ళకు ఇంకా పాలపళ్ళే. బడి వదిలిన పెద్దపిల్లల్లో, ఆరో ఏడు దాటాక బావి నీళ్ళు మొదలుపెట్టినవాళ్ళకు మాత్రం ముందుపళ్ళు తెల్లగా ఉన్నాయి. బావి వచ్చాక పుట్టి పళ్ళు మారినవాళ్ళలో ఒక్కరూ తప్పించుకోలేదు.

నీళ్ళా అని ఒక్క క్షణం అనిపించింది. ఛీ అనుకున్నాను. నీ సర్టిఫికెట్టు గోడ మీద ఉంది. పైగా మేం మరిగించే తాగుతాం. అయినా మనసు ఊరుకోక ఒక సీసాలో నీళ్ళు పట్టి కనిగిరి బస్సులో పంపుతున్నాను. చూసి, ఏమీ లేదని ఒక్క ముక్క రాయి. నాకు నిద్ర పడుతుంది.

ప్రేమదాసు


గుంటూరు,
2-8-1961

తమ్ముడికి,

సీసా చేరింది. క్రిములు లేవు.

సువార్తను నా దగ్గరికి పంపు. ఇక్కడ మంచి బడి ఉంది. ఎస్తేరును కూడా పంపు. ఆదెమ్మ వచ్చి ఉంటే మరీ మంచిది. వారంలోపల పంపు. కారణం తరవాత చెబుతాను.

ఆసుపత్రిలో పని ఎక్కువగా ఉంది.

ఎలీసమ్మ


నల్లగుంట్లపాడు,
11-8-1961

అక్కా,

ఇదేం ఉత్తరం? నాలుగు ముక్కలకు మించి రాయడానికి తీరిక లేని దానివి, నా ఇంటిల్లిపాదినీ మూట కట్టి పంపమంటావా? రెండేళ్ళ పిల్లకు గుంటూరులో ఏం బడి? నీ ఉత్తరం ఆదెమ్మకు చదివి వినిపించాను. ఆమె చేస్తున్న పని ఆపి, "మీ అక్క ఏదో దాస్తున్నారండీ. ఆవిడ అబద్ధం ఆడాల్సొచ్చినప్పుడే ఇంత పొట్టిగా మాట్లాడతారు" అంది.

నీ మాట పట్టుకుని, ఏదో ఉందనే భయంతో, ఇంట్లో నీళ్ళు రెండుసార్లు మరిగించడం మొదలుపెట్టాం. కుండెడు పోస్తే ముప్పాతిక మిగిలేదాకా మరిగిస్తున్నాం. పాలెంలో కూడా అలాగే చెయ్యమని చెప్పాను.

నిన్న బడిలో ఏం జరిగిందో చెబుతాను. మార్పుల పాఠం. వెనక్కి వచ్చే మార్పులు, రాని మార్పులు. నీళ్ళలో ఉప్పు కరిగితే కనపడదు, కానీ పోదు, నీళ్ళు మరిగించేస్తే ఉప్పు మళ్ళీ వస్తుంది అని చూపించాలి. రెండు మూకుళ్ళు పెట్టాను. ఒకదాంట్లో ఉప్పు కలిపిన నీళ్ళు, పోల్చడానికి రెండోదాంట్లో ఉత్త బావినీళ్ళు. రెండూ ఇగిరిపోయాయి. మొదటిదాంట్లో ఉప్పు తేలింది. రెండోదాంట్లో కూడా తెల్లటి పొర, గోరుతో గీస్తే లేచేంత మందం!

మదార్‌బీ అని నాలుగో తరగతి పిల్ల ఉంది, అందరికంటే చురుకు. లేచి నిలబడి అడిగింది: "పంతులుగారూ, మరి మరగబెడితే నీళ్ళు తగ్గి ఉప్పు అట్టాగే ఉంటది గదా. అట్టయితే మరగబెట్టిన నీళ్ళల్లో ఉప్పు ఎక్కువైద్దా?"

అవునమ్మా అన్నాను. మధ్యాహ్నానికే బడి వదిలేశాను.

క్రిములు లేవు అని రాశావు. క్రిములు కాక ఇంకేముంది అందులో? నిజం చెప్పక్కా. నువ్వు చెప్పేదాకా ఇంట్లో ఎవరం ఆ నీళ్ళు ముట్టం. వాననీళ్ళు పట్టుకుంటున్నాం.

ప్రేమదాసు


గుంటూరు,
17-8-1961

నాయనా ప్రేమదాసూ,

చెబుతున్నాను. కూర్చుని చదువు.

సీసా వచ్చిన రోజే మా డాక్టరుగారికి నీ ఉత్తరం చూపించాను. ఆయన సగం చదివి, "కనిగిరి వైపా?" అని అడిగి, ఇక చదవలేదు. నీళ్ళను మద్రాసు పంపించారు. జవాబు జూలై ఆఖరులోనే వచ్చింది. నేనే నీకు రాయలేకపోయాను. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ఫ్లోరైడు అనే లవణం ఉందట. రాయిలోంచి నీళ్ళలోకి దిగుతుంది. రంగు లేదు, రుచి లేదు. పది లక్షల పాళ్ళ నీళ్ళలో ఒక పాలు ఉంటే ఫర్వాలేదు. మీ బావిలో ఏడు పాళ్ళు ఉంది. ఎదిగే పిల్లల పళ్ళను పాడు చేస్తుంది. పెద్దవాళ్ళ ఎముకలకు పట్టి కీళ్ళను బిగించేస్తుంది, వెన్నును వంచేస్తుంది. మరిగిస్తే పోదు. నీ విద్యార్థిని చెప్పిందే నిజం, ఇంకా చిక్కబడుతుంది. మన ఇంటి పిల్లలకు మనం శుభ్రమని అదే పోశాం తమ్ముడూ. ఊళ్ళో అందరికంటే ఎక్కువగా పోశాం.

కోతలకు వచ్చినప్పుడు చెంచమ్మకు ఎందుకు తేలికగా ఉంటుందో ఇప్పుడు అర్థమైందా? తిండి కాదు. ఆ మూడు నెలలు ఆమె ఇక్కడి చెరువు నీళ్ళు తాగుతుంది.

ఇంకో మాట విని నాకు ఒళ్ళు మండిపోయింది. మీ మెట్ట తాలూకాల్లో ఈ జబ్బు ఉందని ఇరవై ఏళ్ళ కిందటే వైద్యులు పుస్తకాలకు రాశారట! రాశారు. చదివారు. బీరువాలో పెట్టుకున్నారు. ఆ నీళ్ళు తాగేవాళ్ళకు ఒక్కరూ చెప్పలేదు.

కానీ వాళ్ళను అనడానికి నేనెవరిని? 1952లో నువ్వు పంపిన సీసాను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. క్రిములు కనపడలేదు. దీపం ముందు పట్టుకున్నాను, అద్దంలా ఉంది. జక్రయ్య పోయి మూడు నెలలు కూడా కాలేదు, నీ మొహం కళ్ళల్లో మెదులుతోంది. నా తమ్ముడికి ఒక మంచి మాట రాయాలనిపించింది. నాకు తెలిసింది 'క్రిములు లేవు' అన్నంతవరకే. రాసింది 'నిర్భయముగా త్రాగవచ్చును' అని. ఆ మాట రాసే హక్కు నాకు లేదు. తొమ్మిదేళ్ళుగా పాలెమంతా నా సంతకాన్ని తాగుతోంది.

సువార్త పళ్ళు మారవు. అడిగాను, బతిమాలాను, మారవన్నారు. వంగిన నడుములు నిటారు కావు. నీళ్ళు మారితే నొప్పి తగ్గవచ్చు, ఇంకా వంగకుండా ఆగవచ్చు. ఎస్తేరుకు రెండేళ్ళే. ఇప్పుడు ఆపితే దాని పెద్దపళ్ళు చాలావరకు దక్కుతాయి. పాలెంలో ఆ వయసు పిల్లలు ఎంతమంది? వాళ్ళందరి కోసం ఊరికి నువ్వు చెప్పాలి. ఎలా చెబుతావో నాకు తెలియదు.

ఆ సర్టిఫికెట్టు దించెయ్యి. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

ఎలీసమ్మ


నల్లగుంట్లపాడు,
24-9-1961

అక్కా,

ఆలస్యానికి ఏమనుకోకు. సువార్త నీ దగ్గర కుదురుకుందని రాశావు, సంతోషం. ఇక్కడి సంగతి చెబుతాను.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు బడికి పోలేదు. నా కొడుకు పోయిన రోజున కూడా ఇంత బెదిరిపోలేదు. ఆ రోజు నేనెవరికీ హాని చెయ్యలేదు. వాగు ఇసుకలో చెలమలు తీసుకుని, చిప్పలతో తోడుకుని తాగే మనుషుల్ని 'అనాగరికులు' అని తిట్టి, చెయ్యి పట్టుకుని ఆ బావి దగ్గరికి లాక్కెళ్ళింది నేను. ఎవరూ అడగలేదు. నేనే లాక్కెళ్ళాను.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. మొత్తం చెప్పాను. నీ సర్టిఫికెట్టు తెచ్చి చూపించి, నీ తప్పూ నా తప్పూ చెప్పాను. మూకుళ్ళు చూపించాను. తరవాత రోశయ్య లేచాడు. "ఏందయ్యా నువ్వనేది? నీ కొడుకు పేరున్న బాయిని నువ్వే తిడతావా? బాబు పేరు ముట్టుకుని తోడుకుంటన్నాం, మాకేమైద్ది? కలరా రాలేదు గదా!" అన్నాడు. నలుగురు అతనితో గొంతు కలిపారు.

చెంచమ్మ లేచింది. లేవడానికి ఎంతసేపు పట్టిందో అందరూ చూశారు. "ఒరేయ్ రోశయ్యా, పైకి చూడు. తాటాకు కప్పు చూడు" అంది. అతను మెడ ఎత్తబోయాడు. ఎత్తలేకపోయాడు. ఊరందరి ముందూ, అక్కా! అతను మెల్లగా కూర్చుని మొహం కండువాలో పెట్టుకున్నాడు.

చెంచమ్మ నా వైపు తిరిగింది, మనిషంతా. తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా. "మేం చదువుకోలేదు గాబట్టి మీ మాట నమ్మాం. నమ్మబట్టే ఇట్టయింది. నా మనవడి పళ్ళెవరిస్తారు పంతులుగారూ?" అంది. తల వంచుకుని నిలబడ్డాను. మరుసటి పొద్దున ఆమే మా గుమ్మం ముందు నిలబడి, "రండి. చెలమ ఎట్ట తియ్యాలో మీకు తెలవదు" అని వాగుకు తీసుకెళ్ళింది. ఆ చెలమ నీళ్ళే నేను నీకు రెండో సీసాలో పంపింది. ఒక పాలు కూడా లేదని నువ్వు రాసినప్పుడు నేనూ ఆదెమ్మా ఆ కాగితం పట్టుకుని ఏడ్చాం. ఈసారి మద్రాసు చీటీ కూడా జత చేసి పంపావు, మంచి పని చేశావు.

ఇప్పుడు చెలమ నీళ్ళు గుడ్డలో వడగట్టి, క్రిముల కోసం మరిగించి తాగమంటున్నాను. బావి నీళ్ళు బట్టలకూ గొడ్ల కొట్టాలు కడగడానికీ వాడుకోవచ్చు. కానీ అలవాటు ఎక్కడికి పోతుంది? వాగు మైలు దూరం, బావి ఇంటి ముందు. వారం తిరిగేసరికి సగంమంది మళ్ళీ బావి దగ్గరే. రాయిని తాకుతారు, కళ్ళకద్దుకుంటారు, బిందె నింపుకుని పోతారు. అడ్డం నిలబడితే, "ఒక్క బిందెకేమైద్దిలెండి, బాబు నీళ్ళే గదా" అంటారు. నా మాట కంటే నా చచ్చిపోయిన కొడుకు మాట మీదే వాళ్ళకు నమ్మకం.

ఎర్రరంగు తెచ్చి ఆ రాయి మీద తాగవద్దని రాద్దామనుకున్నాను. తెచ్చాను కూడా. గట్టు మీద కూర్చున్నాను కానీ వాడి పేరు కింద ఆ మాట రాయడానికి చెయ్యి ఆడలేదు. ఆదెమ్మ వచ్చి చూసింది. తొమ్మిదేళ్ళలో ఆ బావి గురించి ఒక్క మాట పడనివ్వని మనిషి. కుంచె నా చేతిలోంచి తీసుకుంది. రాస్తుందేమో అనుకున్నాను. పక్కన పెట్టేసింది.

"రంగు వానకి పోతుందండీ. చెక్కించండి" అంది.

పామూరు నుంచి రాళ్ళు చెక్కే అతన్ని పిలిపించాం. అతను రాయి చూసి, పేరు చెరిపేసి కొత్తగా చెక్కమంటారా అని అడిగాడు. ఆదెమ్మ వద్దంది. "పేరు ఉండనీ నాయనా. ఈ జనం ఎవరు చెప్పినా వినరు. మా వాడు చెప్తే వింటారు" అంది. చెక్కుతున్నంతసేపూ ఎస్తేరును చంకనేసుకుని ఎండలో అక్కడే నిలబడింది.

నిన్న పొద్దున మాణిక్యమ్మ అనే కొత్త కోడలు బిందెతో వచ్చింది. ఆమె ఊళ్ళో పిల్లే, రెండో తరగతి దాకా నా దగ్గరే చదివింది. రాయి తాకబోయి, వంగి, కూడబలుక్కుంటూ పైకే చదివింది. కాసేపు నిలబడి, ఖాళీ బిందె చంకకెత్తుకుని వాగు దారి పట్టింది. ఆదెమ్మ మా గుమ్మంలోంచి చూస్తోంది. నేను ఆమె మొహం చూడలేకపోయాను.

రాయి మీద ఇప్పుడు ఇలా ఉంది:

చి. జక్రయ్య జ్ఞాపకార్థం
ఈ నీళ్ళు తాగవద్దు

నీ తమ్ముడు,
ప్రేమదాసు